చిన్నారులతో థీమ్ పార్కుకి: ఈ విశేషాలు తెలుసా?

పూజా సెలవులు దగ్గర పడ్డాయంటే ఖరగ్‌పూర్‌లోని ప్రేమ్ బజార్ తెలుగు ఇళ్లలో రాత్రి భోజనాల దగ్గర ఒకటే చర్చ: ఈసారి పిల్లల్ని ఎటు తీసుకెళ్దాం? బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డ ఊరు ఖరగ్‌పూర్. అందుకే ఇక్కడివాళ్ల చూపు ఒకటి కోల్‌కతా వైపుంటే, ఇంకొకటి చుట్టాలూ పక్కాలూ ఉన్న విశాఖ, హైదరాబాద్ వైపు ఉంటుంది. రెండు దారుల్లోనూ పిల్లలకు పండగలాంటి పార్కులున్నాయి.

అయితే మూడేళ్ల పాపతోనో అయిదేళ్ల బాబుతోనో బయల్దేరేవాళ్లు ముందుగా చూసుకోవలసినవి నాలుగు: పిల్లల ఎత్తు, నిద్ర, ఆకలి, భయం. ఈ నాలుగింటికీ తగ్గట్టు వేసుకున్న ప్రయాణం చిన్న పార్కులోనైనా పెద్ద ఆనందాన్నిస్తుంది. ఆ సంగతి మనసులో పెట్టుకుని ఈ విశేషాలు చదవండి. వీటిలో చాలావాటికి రైలుతో చుట్టరికం ఉందని మీకే తెలుస్తుంది.

రైలు పట్టాల మీద పుట్టిన సరదా

బొగ్గు బండి నుంచి రోలర్ కోస్టర్: అమెరికాలోని పెన్సిల్వేనియాలో మాక్ చంక్ అనే ఊళ్లో 1827లో బొగ్గు దించడానికి కొండ మీంచి ఒక రైలు మార్గం వేశారు. ఇంజను లేదు. నిండు వ్యాగన్లు పల్లానికి వాటంతటవే 14 కిలోమీటర్ల దూరం జారిపోయేవి. ఖాళీ వ్యాగన్లను పైకి లాగడానికి కంచరగాడిదలుండేవి. దిగేటప్పుడు ఆ గాడిదలు కూడా ఒక వ్యాగన్‌లో ఎక్కి దర్జాగా దిగేవి. తర్వాత బొగ్గుకు వేరే దారి దొరికింది. పాత దారిని మాత్రం జనం వదల్లేదు. డబ్బులిచ్చి మరీ ఎక్కి కొండ మీంచి జారేవారు. రోలర్ కోస్టర్‌కి ఇదొక పెద్దన్న.

గంటకు పది కిలోమీటర్లు: 1884లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థాంప్సన్ అనే ఆయన సరదా కోసమే ఒక ‘స్విచ్‌బ్యాక్ రైల్వే’ కట్టాడు. టికెట్టు అయిదు సెంట్లు. వేగం గంటకు సుమారు పది కిలోమీటర్లు, అంటే సైకిలు తొక్కినంత. అయినా జనం బారులు తీరారు. ఇవాళ చిన్నపిల్లల కోసం పెట్టే బుల్లి కోస్టర్లు ఆ తొలి వేగానికి మరీ దూరంలో లేవు. పిల్లల ఆనందానికి ఆ మాత్రం వేగం చాలు.

చక్రాలు మూడు వైపులా: రైలు చక్రానికి లోపలి అంచున ఉండే పట్టీ బండి పక్కకు తప్పుకోకుండా చూస్తుంది. రోలర్ కోస్టర్‌కి అది సరిపోదు, ఎందుకంటే పెట్టె పైకి ఎగరకుండా కూడా చూసుకోవాలి. 1919లో జాన్ మిల్లర్ అనే ఇంజనీరు పట్టా కింది భాగాన్ని పట్టుకుని ఉండే చక్రాలకు పేటెంటు పొందాడు. ఇప్పుడు కోస్టర్ పెట్టెకు పైన మోసే చక్రాలు, పక్కన ఆనే చక్రాలు, కింద పట్టే చక్రాలు, ఇలా మూడు రకాలుంటాయి. ఈసారి క్యూలో నిల్చున్నప్పుడు మీ పిల్లలకు వాటిని చూపించండి. రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన తాతయ్య ఉంటే ఆయన ఇంకా బాగా చెబుతారు.

సిగ్నలింగ్ సూత్రం ఒక్కటే: ఒక సెక్షన్‌లో ఒక బండి ఉండగా వెనక బండిని అందులోకి రానివ్వకూడదన్నది రైల్వే బ్లాకు పద్ధతి. ఒకే పట్టా మీద రెండు మూడు బండ్లు నడిపే పెద్ద రోలర్ కోస్టర్లకూ ఇదే సూత్రం. పట్టాను భాగాలుగా విడగొట్టి, ముందు బండి ఖాళీ చేసేదాకా వెనకదాన్ని బ్రేకుల దగ్గర ఆపేస్తారు. 2017లో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చిన ఖరగ్‌పూర్ యార్డును రోజూ చూసే పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

వంతెనల ఇంజనీరు కట్టిన చక్రం: మన జాతరల్లో తిరిగే జెయింట్ వీల్‌కి ఇంగ్లిషులో ఉన్న ‘ఫెర్రిస్’ పేరు జార్జి ఫెర్రిస్ అనే వంతెనల ఇంజనీరుది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శన కోసం ఆయన కట్టిన చక్రం ఎత్తు 264 అడుగులు. దానికి 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది పట్టేవారు. అంటే ఒక్కసారి రెండు వేల మందికి పైగా గాల్లో ఉండేవారన్నమాట.

రైలులో మిఠాయిలమ్మిన కుర్రాడు: డిస్నీలాండ్ కట్టిన వాల్ట్ డిస్నీ కుర్రతనంలో వేసవి సెలవుల్లో రైళ్లలో పత్రికలు, మిఠాయిలు అమ్మాడు. ఆ ఇష్టం ఎంత దూరం పోయిందంటే, పెద్దయ్యాక ఇంటి పెరట్లోనే మనుషులు కూర్చుని తిరిగే బుల్లి ఆవిరి రైలు వేసుకున్నాడు. 1955 జులై 17న డిస్నీలాండ్ తెరిచినప్పుడు పార్కు చుట్టూ ఆవిరి రైలు తిరిగింది. ఇప్పటికీ తిరుగుతోంది. ఖరగ్‌పూర్ గోల్‌బజారు దాటి వచ్చే రైలు కూత విని నిద్రలేచే పిల్లలకు ఈ కథ తప్పకుండా చెప్పాలి.

పార్కులు ఎలా పుట్టాయి?

బెంచీ మీద వచ్చిన ఆలోచన: డిస్నీ సెలవు రోజుల్లో తన ఇద్దరు కూతుళ్లను లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకెళ్లేవాడు. వాళ్లు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే తను బెంచీ మీద కూర్చుని చూసేవాడు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన అక్కడే మొలకెత్తిందని ఆయనే చెప్పుకున్నాడు.

తొలి రోజు తంటాలు: ఆ డిస్నీలాండ్ తొలి రోజు సవ్యంగా సాగలేదు. దొంగ టికెట్లతో జనం లెక్కకు మించి వచ్చిపడ్డారు. కొత్తగా పోసిన తారు ఎండకు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కుళాయిలా, మరుగుదొడ్లా అన్న ప్రశ్న వస్తే, డిస్నీ మరుగుదొడ్లే ముందన్నాడు. చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని తిరిగిన ఏ తల్లినడిగినా అదే సరైన నిర్ణయమంటుంది.

నాలుగు వందల ఏళ్ల పార్కు: ఇప్పటికీ నడుస్తున్న వినోద పార్కుల్లో అన్నిటికంటే పాతది డెన్మార్క్‌లోని బాకెన్. దాని పుట్టుక 1583. అదే దేశంలో కోపెన్‌హాగన్ నడిబొడ్డునున్న తివోలి గార్డెన్స్ 1843లో తెరిచారు.

అప్పూ ఏనుగు ఇల్లు: మన దేశంలో తొలి వినోద పార్కు ఢిల్లీలోని అప్పూ ఘర్. 1982 ఆసియా క్రీడల చిహ్నమైన అప్పూ అనే ఏనుగు పిల్ల పేరు దానికి పెట్టారు. 1984 నవంబరులో తెరుచుకుని, 2008లో మూతబడింది. ఇవాళ తాతయ్యలు, బామ్మలైన వాళ్లలో ఎందరో తమ పిల్లలకు తొలిసారి రోలర్ కోస్టర్ చూపించింది అక్కడే.

నుమాయిష్: హైదరాబాదు నాంపల్లిలో ఏటా జనవరి 1న మొదలయ్యే నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలైంది. థీమ్ పార్కు అన్న మాట మన చెవిన పడకముందే తెలుగు పిల్లలు జెయింట్ వీల్, టాయ్ ట్రైన్ ఎక్కిన చోటది. పైగా దాన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ ఆ ఆదాయంతో విద్యాసంస్థలు నడుపుతోంది. మీ పాప రంగులరాట్నం టికెట్టు ఎవరో ఆడపిల్ల కాలేజీ చదువుకు ఉపయోగపడుతుందన్నమాట.

ప్రేమ్ బజార్ నుంచి ఎటు వెళ్లొచ్చు?

ఒక్కరోజులో వెళ్లిరావాలంటే కోల్‌కతా: ఖరగ్‌పూర్ నుంచి హౌరా సుమారు 115 కిలోమీటర్లు. లోకల్ బండ్లు పుష్కలం. సాల్ట్ లేక్‌లోని నిక్కో పార్కు 1991 అక్టోబరు 13న తెరిచారు. దానికి ఇంగ్లండులోని బ్లాక్‌పూల్ వినోద పార్కు వాళ్ల సాంకేతిక సాయం ఉంది. 2003లో అక్కడ చెక్కతో కట్టిన సైక్లోన్ రోలర్ కోస్టర్ వచ్చింది. మీ వాడికి అయిదేళ్లే అయితే సైక్లోన్ కింద నిలబడి చూస్తే చాలు. టాయ్ ట్రైన్, పడవలో గుహల గుండా సాగే రివర్ కేవ్ వాడి వయసుకు సరిపోతాయి.

తాకి చూసే చదువు: 1997 జులై 1న మొదలైన కోల్‌కతా సైన్స్ సిటీలో పిల్లలు మీటలు నొక్కి, చక్రాలు తిప్పి, అద్దాల్లో తమ బొమ్మల్ని సాగదీసి చూసుకోవచ్చు. ‘ముట్టుకోకు’ అన్న మాట అక్కడ పెద్దగా అవసరం రాదు. నాలుగేళ్ల పిల్లకు ఆ ఒక్క స్వేచ్ఛే పెద్ద బహుమతి. హౌరా స్టేషను దగ్గర్లోని రైల్ మ్యూజియం 2006 నుంచి ఉంది. వెళ్లేదారిలోనో వచ్చేదారిలోనో ఒక గంట అక్కడ గడపొచ్చు.

భువనేశ్వర్ దగ్గరైంది: కేరళలో 2000లో వీగాలాండ్ పేరుతో మొదలైన వండర్‌లా సంస్థ 2016లో హైదరాబాదు రావిర్యాల దగ్గర, 2024 మే నెలలో ఒడిశాలోని ఖుర్దా జిల్లా కుమారబస్తాలో పార్కులు తెరిచింది. 2023 మే నుంచి నడుస్తున్న హౌరా–పూరీ వందే భారత్ ఖరగ్‌పూర్‌లో ఆగుతుంది, భువనేశ్వర్‌లోనూ ఆగుతుంది. భువనేశ్వర్‌లో నందన్‌కానన్ జూ కూడా ఉంది. మన దేశంలో ఒక జూ పేరు పెట్టుకున్న ఎక్స్‌ప్రెస్ రైలు నందన్‌కానన్ ఎక్స్‌ప్రెస్. రైలు పేర్లు బట్టీ పట్టే పిల్లలకు ఈ ఒక్క ముక్క చెబితే జూ చూడ్డానికి తయారైపోతారు.

విశాఖలో జలాంతర్గామి: ఖరగ్‌పూర్ నుంచి విశాఖ సుమారు 760 కిలోమీటర్లు. బీచ్ రోడ్డులో ఒడ్డున నిలిపిన ఐ.ఎన్.ఎస్. కురుసుర 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన నిజమైన జలాంతర్గామి. 2002 నుంచి మ్యూజియం. లోపల గుండ్రటి ఇరుకు ద్వారాలుంటాయి. పెద్దవాళ్లు నడుం వంచి, తల కాపాడుకుంటూ దూరాల్సినచోట నాలుగేళ్ల పిల్లవాడు నిటారుగా నడిచి వెళ్లిపోతాడు. వాడి ఎత్తుకు సరిపోయిన లోకం ఒకటి దొరికిందని వాడి మొహమే చెబుతుంది. కైలాసగిరి మీద కొండ చుట్టూ తిరిగే బుల్లి రైలు, రోప్‌వే ఎలాగూ ఉన్నాయి.

సినిమా స్టేషను: ఈనాడు రామోజీరావు 1996లో హైదరాబాదు దగ్గర స్థాపించిన రామోజీ ఫిల్మ్ సిటీ ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డుకెక్కింది. దాని విస్తీర్ణం 1,666 ఎకరాలు. చిన్నపిల్లలకు విడిగా ఆటస్థలం ఉంది. రైలు ఊరి పిల్లలు ఆశ్చర్యపోయే సంగతి ఇంకోటుంది: షూటింగుల కోసమే కట్టిన రైల్వే స్టేషను. ఎక్కడికీ పోని రైలు ఎందుకని పిల్లలు తప్పకుండా అడుగుతారు, జవాబు సిద్ధం చేసుకోండి.

వేసవిలో మంచు: హైదరాబాదు ట్యాంక్‌బండ్ కింద 2004లో వచ్చిన స్నో వరల్డ్‌లో సున్నాకు దిగువన చలి ఉంటుంది. కోటు, గ్లవ్సు వాళ్లే ఇస్తారు. పసిపిల్లలకు అంత చలి ఎక్కువసేపు పనికిరాదు. కాసేపు చూపించి బయటికి తెచ్చేయాలి.

దారిలోనే సగం ఆనందం

పిల్లల టికెట్టు లెక్క: అయిదేళ్ల లోపు పిల్లలకు బెర్తు అక్కర్లేదనుకుంటే రైల్లో టికెట్టు లేదు. అయిదు నిండి పన్నెండు లోపు ఉంటే బెర్తు వద్దంటే సగం ఛార్జీ, కావాలంటే పూర్తి ఛార్జీ. ఈ పద్ధతి 2016 ఏప్రిల్ 21 నుంచి ఉంది. రాత్రి ప్రయాణమైతే ఆరేళ్ల పిల్లకు బెర్తు తీసుకోవడమే మేలు. మర్నాడు పార్కులో అందరూ హుషారుగా ఉంటారు.

తల్లి పక్కన బుల్లి బెర్తు: 2022 మేలో లక్నో మెయిల్‌లో కింది బెర్తుకు ఆనించి, పసిబిడ్డకు చిన్న బెర్తు ఒకటి ప్రయోగంగా అమర్చారు. మడిచే వీలు, బిడ్డ పడిపోకుండా అడ్డు కూడా పెట్టారు. బిడ్డను పొదువుకుని రాత్రంతా ఒక పక్కకే పడుకునే తల్లుల కష్టం రైల్వేకు పట్టిందనడానికి అది గుర్తు. అన్ని బండ్లలోనూ అలాంటిది రావాలి.

కిటికీ ఒక పార్కు: దక్షిణానికి వెళ్లే బండి హిజ్లీ దాటాక పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. బాలాసోర్, భద్రక్ అయ్యాక కటక్ దగ్గర మహానది వంతెన మీద బండి చప్పుడు మారుతుంది. పిల్లలు ఆ మార్పుని పెద్దలకంటే ముందే పట్టేస్తారు. ఖుర్దా రోడ్ తర్వాత ఒక పక్క కొండలు, ఇంకో పక్క చిలికా సరస్సు. పడవలు, వలలు వేసే గుంజలు, నీళ్ల మీద తేలే పక్షులు. ‘అమ్మా, సముద్రం!’ అని అరుస్తారు. సరస్సని చెప్పినా ఒప్పుకోరు. అటు పలాస రాగానే తెలుగు బోర్డులు, జీడిపప్పు అమ్మేవాళ్లు. ఈ దృశ్యాలు సాగినంతసేపూ ఫోన్ వాళ్ల చేతికి ఇవ్వకండి. హౌరా వైపు వెళ్లేవాళ్లకు చలికాలంలో క్షీరాయి దగ్గర పూలతోటలు, కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది ఉన్నాయి.

వికారం లెక్క: ప్రయాణంలో వికారం, వాంతులు రెండేళ్ల లోపు పిల్లలకు దాదాపుగా రావు. రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లల్లో ఎక్కువ. కన్ను కదలిక లేదంటుంటే చెవిలోపలి సమతౌల్య భాగం ఉందంటుంది, ఆ తికమకే వికారం. అందుకే బండిలో ఫోన్ చూస్తే ఎక్కువవుతుంది, కిటికీలోంచి దూరంగా చూస్తే తగ్గుతుంది. గిరగిర తిరిగే రైడ్లు ఎక్కాలనుకుంటే భోజనానికి ముందే ఎక్కించండి.

పార్కులో పిల్లల కొలతలు

గోడ మీద గీత: చాలా పార్కుల్లో పిల్లల టికెట్టుకు, రైడ్లకు చూసేది ఎత్తు. గేటు పక్కన ఏదో బొమ్మ చెయ్యి చాచి నిలబడి ఉంటుంది, లేదా రంగు గీత ఉంటుంది. పిల్లాడు వెళ్లి దాని కింద నిలబడతాడు. అందలేదని తెలిశాక మెల్లగా మడమలెత్తుతాడు. మెడ సాగదీస్తాడు. అక్కడి ఉద్యోగి నవ్వుతూ తల మీద అరచెయ్యి పెట్టి కిందికి నొక్కుతాడు. వాడి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ నీళ్లు చూసి ఉద్యోగిని బతిమాలకండి. సీటులో అడ్డంగా పడే కడ్డీ ఆ కొలతకు తగ్గ ఒంటికే సరిగ్గా ఆనుతుంది. చిన్న ఒంటికి వదులైపోతుంది. ఇంటి దగ్గరే తలుపు పక్కన కొలిచి, వెబ్‌సైట్‌లో చూసి, వాడు ఏవి ఎక్కగలడో ముందే చెప్పి తీసుకెళ్తే ఈ ఏడుపు ఉండదు.

నిద్రే అసలు టికెట్టు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం ఒకటి రెండేళ్ల పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. మధ్యాహ్నం కునుకు కూడా అందులో భాగమే. డబ్బు పెట్టాం కదా అని పొద్దున్నుంచి రాత్రి దాకా తిప్పితే సాయంత్రానికి పిల్లలు చిరాకుతో ఏడుస్తారు, పెద్దలు కసురుతారు. మధ్యాహ్నం ఒక గంట నీడన చాపేసుకుని పడుకోండి. ఆ గంట వృథా పోదు.

ఎండ దెబ్బ ముందు వాళ్లకే: బరువుతో పోలిస్తే చిన్నపిల్లల చర్మం వైశాల్యం ఎక్కువ. అందుకే పెద్దవాళ్లకంటే త్వరగా వేడెక్కుతారు. దాహం వేస్తోందని వాళ్లంతట వాళ్లు చెప్పరు కూడా. అరగంటకోసారి నాలుగు గుక్కలు మీరే తాగించాలి. ఆరు నెలల లోపు బిడ్డను నేరుగా ఎండలోకి తీసుకురాకూడదు. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు సంచిలో ఉండాలి. అవి లేకపోతే లీటరు మంచి నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలపాలి.

నూలు బట్టలు ఎందుకు వద్దంటారు?: నీళ్ల పార్కుల్లో నైలాన్ ఈత దుస్తులే వేసుకోవాలంటారు. అద్దెకిచ్చి డబ్బు చేసుకోవడానికే అనుకుంటాం. నూలు బట్టల పీచు ఊడి నీళ్లు శుభ్రం చేసే ఫిల్టర్లలో చిక్కుకుంటుంది, రంగు దిగుతుంది, తడిసి బరువెక్కి పిల్లల కదలికకు అడ్డమవుతుంది. ఇంటి నుంచే ఒక జత తెచ్చుకుంటే అద్దె బాధ ఉండదు.

చెయ్యి చాపితే అందాలి: నీళ్లలో మునిగే పిల్లలు చాలాసార్లు అరవరు, చేతులూపరు. నిశ్శబ్దంగా, క్షణాల్లో మునిగిపోతారు. అలల కొలనులో అయిదేళ్ల పిల్ల ఎప్పుడూ మీ చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి. గట్టు మీద కూర్చుని ఫోన్‌లో ఫొటో తీసే మనిషి కాపలా మనిషి కాడు. ఫొటోకి ఒకరు, కాపలాకి వేరే ఒకరు ఉండాలి.

వంతులవారీ పద్ధతి: డిస్నీ పార్కుల్లో ఒక మంచి ఏర్పాటుంది. ఎత్తు చాలని బిడ్డతో తల్లి బయట నిలబడితే తండ్రి రైడ్ ఎక్కి వస్తాడు. తర్వాత తల్లి మళ్లీ మొదటి నుంచి క్యూలో నిలబడకుండానే ఎక్కొచ్చు. మన పార్కుల్లోనూ దీన్ని అడగండి. నలుగురు అడిగితేనే ఏర్పాటు వస్తుంది. రోజంతా సంచీలు కాపలా కాయడం అమ్మ ఒక్కదాని పని కాకూడదు.

బొమ్మ వేషం భయం: మిక్కీ వేషం వేసుకున్న మనిషి దగ్గరికి రాగానే రెండు మూడేళ్ల పిల్లలు గుక్కపట్టి ఏడవడం మామూలు. టీవీలో అరచెయ్యంత కనిపించిన ఎలుక ఎదురుగా ఆరడుగులు ఉంటే భయమే కదా! ఫొటో కోసం తోయకండి. దూరం నుంచి చెయ్యూపితే చాలు. చీకటి గుహల రైడ్లకూ ఇదే మాట. వద్దన్న పిల్లను బలవంతంగా ఎక్కించకూడదు.

పొద్దున తీసిన ఫొటో: గేటులోకి అడుగు పెట్టే ముందే పిల్లలకు ఒక ఫొటో తీయండి. తప్పిపోతే ఏ రంగు చొక్కా వేశామో కంగారులో గుర్తుండదు, ఫొటో ఉంటే చూపించొచ్చు. ఫోన్ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టండి, లేదా పెన్నుతో ముంజేతి మీద రాయండి. దారి తప్పితే ఎవరి దగ్గరికి వెళ్లాలో, అక్కడ పనిచేసేవాళ్ల యూనిఫాం ఎలా ఉంటుందో చూపించండి. పిల్లల సహాయానికి దేశమంతటా 1098 నంబరుంది. రైళ్లలో, స్టేషన్లలో అయితే 139.

అన్నం మూట సంగతి: చాలా పార్కులు బయటి తిండి లోపలికి రానివ్వవు. పసిపిల్లల పాలు, జావ, మందులకు మాత్రం సాధారణంగా అభ్యంతరం ఉండదు. ముందే ఫోన్ చేసి అడగండి. పులిహోర, ఇడ్లీలు తెచ్చుకుంటే గేటు బయటే కడుపునిండా పెట్టి లోపలికి నడిపించండి. ఆకలి తీరిన పిల్లలు క్యూలో ఓపిగ్గా నిలబడతారు.

పిల్లలకు గుర్తుంటుందా?

మిక్కీ మౌస్ జ్ఞాపకాలు: ‘మూడేళ్ల పిల్లకు ఇంత ఖర్చెందుకు? దానికేం గుర్తుంటుంది?’ అని పెద్దలంటుంటారు. అమెరికాలో నీనా హామండ్, రాబిన్ ఫివుష్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్ననే పట్టుకుని 1991లో ఒక పరిశోధన ప్రచురించారు. మూడేళ్లు, నాలుగేళ్ల వయసులో డిస్నీ వరల్డ్ చూసి వచ్చిన 48 మంది పిల్లల్ని కొందరిని ఆరు నెలల తర్వాత, కొందరిని ఏడాదిన్నర తర్వాత కదిలించారు. పిల్లలు బోలెడు సంగతులు చెప్పారు. ఇంట్లో ఆ ప్రయాణం గురించి ఎక్కువగా మాట్లాడుకున్న కుటుంబాల పిల్లలకు ఎక్కువ గుర్తున్నాయి. టికెట్టుకన్నా విలువైనది ఇంటికొచ్చాక చెప్పుకునే కబుర్లని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

లేని జ్ఞాపకం: బగ్స్ బన్నీ కుందేలు వార్నర్ బ్రదర్స్ బొమ్మ. డిస్నీ పార్కులో అది ఉండనే ఉండదు. అయినా డిస్నీలాండ్‌లో బగ్స్ బన్నీ ఉన్నట్టు ఒక ఉత్తుత్తి ప్రకటన చూపిస్తే, చిన్నప్పుడు అక్కడ దాంతో చెయ్యి కలిపామని కొందరు నమ్మకంగా చెప్పారు. మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఎలిజబెత్ లాఫ్టస్ బృందం 2002లో దీన్ని వెల్లడించింది. జ్ఞాపకం మాటలతో మారుతుంది, పెరుగుతుంది. అందుకే పిల్లలకు ఆ రోజు గురించి చెప్పేటప్పుడు వాళ్లు మంకుపట్టు పట్టిన సంగతే కాకుండా, భయం దాటి ధైర్యంగా చేసిన పనిని కూడా చెప్పండి. వాళ్లు తమని తాము అలాగే గుర్తుపెట్టుకుంటారు.

ఇంటికి తెచ్చుకునే బొమ్మ: పార్కు దుకాణంలో ప్లాస్టిక్ బొమ్మ నాలుగు రోజులు కూడా మన్నదు. విశాఖ వైపు వెళ్లినవాళ్లు ఏటికొప్పాక లక్క బొమ్మలు తెచ్చుకోండి. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్లో అంకుడు కర్రను తరిణి పట్టి, లక్క రంగులు అద్ది చేస్తారు. అంచులు నునుపుగా ఉంటాయి. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అందులో బుల్లి రైలు కూడా దొరుకుతుంది.

ఇంటి పక్కనే ఒకటుంది

దూరం వెళ్లే వీలు అన్ని కుటుంబాలకూ ప్రతి ఏడాదీ ఉండదు. ప్రేమ్ బజార్ వాళ్లకు ఆ బెంగ అక్కర్లేదు. 1951లో మొదలైన ఐ.ఐ.టి. ఆవరణలో, ఒకప్పటి హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో నెహ్రూ సైన్స్ అండ్ టెక్నాలజీ మ్యూజియం ఉంది. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు కోల్పోయింది ఆ శిబిరంలోనే. ఈ రోజు పిల్లలు అక్కడే యంత్రాలు చూసి ప్రశ్నలు వేస్తున్నారు. ఒక సాయంత్రం చాలు. స్టేషనుకు వెళ్తే ఇంకొకటుంది: 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫాం. గోరఖ్‌పూర్, ఆ తర్వాత హుబ్బళ్లి దాటిపోయేదాకా ప్రపంచంలో పొడవైన ప్లాట్‌ఫాంగా పేరు దానిదే. ఆ చివర నుంచి ఈ చివరకు చెయ్యి పట్టుకుని నడిపించండి, ఎన్ని అడుగులో లెక్కపెట్టమనండి.

పార్కు పెద్దదైనా చిన్నదైనా తల్లిదండ్రులకు ఒకటే విన్నపం. ఈ సెలవుల్లో ఎక్కడికి వెళ్లినా ఒక పూటైనా పిల్లల నడక వేగంతో నడవండి, వాళ్లు ఆగినచోట ఆగండి, వాళ్లు చాలన్నప్పుడు వెనక్కి తిరగండి. వచ్చాక వారం రోజులు రాత్రి అన్నాల దగ్గర ఆ కబుర్లే చెప్పుకోండి. ఎక్కని రైడ్ల గురించి బాధపడకండి. వచ్చే ఏడాదికి పిల్లలు నాలుగు వేళ్లు ఎత్తు పెరుగుతారు, అప్పుడు ఎక్కుతారు.